వాష్‌బేసిన్ మూత ఇరుక్కుందా? యాసిడ్ పోసే ముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్‌లో ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. వాష్‌బేసిన్ మధ్యలో ఉండే ఆ గుండ్రటి మూత గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. ఈ మూత వల్ల నాకు అద్దె ఇంటి అడ్వాన్సులో 6,000 రూపాయలు పోయాయి.

మాది చిట్కుల్. చిన్నప్పుడు నానమ్మ వాళ్ల వాకిట్లో సిమెంటు హౌజు ఉండేది. దాని అడుగున ఒక బొక్క, ఆ బొక్కకు గుడ్డ చుట్టిన కట్టె బిరడా. నాచు పట్టినప్పుడు బిరడా పీకితే నీళ్లన్నీ మోరీలోకి పోయేవి. కడిగి, మళ్లీ బిరడా కొట్టేవాళ్లు. పాడవడానికి అందులో ఏమీ లేదు. ఇప్పుడు ఫ్లాట్లలో పెట్టే పాప్-అప్ మూతలో స్ప్రింగు ఉంటుంది. ఒకసారి నొక్కితే మూసుకుంటుంది, ఇంకోసారి నొక్కితే పైకి లేస్తుంది. నొక్కే బాల్‌పెన్ ఉంటుంది కదా, అట్లాంటిదే.

మరి ఇది ఎందుకు ఇరుక్కుంటుంది? మా ఫ్లాట్ ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లు. పటాన్‌చెరు నీళ్లు అనగానే అందరికీ నక్కవాగు, ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. అది వేరే పెద్ద కథ. మూత చుట్టూ పేరుకునే తెల్ల పొర మాత్రం కాల్షియం, మెగ్నీషియం లవణాలది. నేల లోపలి రాళ్లలోంచి నీళ్లలో కరిగి వస్తాయి. గీజర్ కాయిల్ మీద, బకెట్ అంచున కనిపించే పొర కూడా ఇదే. ఇది స్ప్రింగు దగ్గర గట్టిపడితే మూత కదలదు. పైగా వెంట్రుకలు, సబ్బు జిడ్డు ఎట్లాగూ ఉంటాయి.

నేనేం చేశానో చెప్తా. అప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నా. ఒక శనివారం పొద్దున మూత ఇరుక్కుంది, బేసిన్ నిండా నురుగు నీళ్లు. కిరాణా షాపు నుంచి బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి పోసేశా. తెల్ల పొర కరిగింది, నిజమే. దాంతోపాటు మూత మీద మెరుపు పోయింది, స్ప్రింగు కూడా పాడైంది. కోడ్‌లో తప్పు చేస్తే పాత వర్షన్‌కు వెళ్లొచ్చు, యాసిడ్‌కు ఆ సౌకర్యం లేదు. ఇంకో మాట, ఇది సీరియస్‌గా వినండి. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ అస్సలు వేయకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు వేసి ఉన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

సరే, ఎట్లా తీయాలి? ముందు బేసిన్‌లో నీళ్లు మగ్గుతో తోడేయండి. మూత పైకి లేచి ఉంటే చేత్తో గట్టిగా పట్టుకుని ఎడమవైపు తిప్పండి, ఊడి వస్తుంది. చెయ్యి జారితే రబ్బరు గ్లోవ్ వేసుకోండి. మూసుకునే ఇరుక్కుపోతే, దాని చుట్టూ గోరువెచ్చని నిమ్మ ఉప్పు నీళ్లు పోసి అరగంట ఆగండి. తర్వాత మూత తుడిచి, టైల్స్‌కు అంటించే రబ్బరు హుక్ ఉంటుంది కదా, దాన్ని మూతకు అంటించి మెల్లగా పైకి లాగండి. స్క్రూడ్రైవర్ పెట్టి తవ్వొద్దు, బేసిన్ పగులుతుంది. తిప్పుతుంటే కింద పైపు కూడా తిరుగుతోందా? ఆపేయండి. ఇంకొకరిని బేసిన్ కింద నట్టు పట్టుకోమని, అప్పుడు తిప్పండి.

మూత కింద స్ప్రింగు ఉన్న ముక్క ఉంటుంది. అదీ ఎడమవైపే తిరిగి వస్తుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ఆ ముక్కను అందులో వేయండి. బుడగలు వస్తాయి, అంటే పొర కరుగుతోందన్నమాట. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మళ్లీ బిగిస్తే చాలావరకు పని అయిపోతుంది.

మొత్తం కప్లింగ్ మార్చాల్సి వస్తే మాత్రం షాపుకు వెళ్లే ముందు ఒకటి చూసుకోండి. బేసిన్ లోపల పై అంచు దగ్గర చిన్న రంధ్రం ఉందా? నీళ్లు పొర్లిపోకుండా ఉండే ఓవర్‌ఫ్లో అది. రంధ్రం ఉంటే హాఫ్ థ్రెడ్ కప్లింగ్ కావాలి, దాని పక్కన కిటికీల్లాంటి సందులు ఉంటాయి. ఓవర్‌ఫ్లో నీళ్లు ఆ సందుల్లోంచే పైపులోకి వస్తాయి. రంధ్రం లేకపోతే సందుల్లేని ఫుల్ థ్రెడ్ తీసుకోవాలి. మాది రంధ్రం లేని టేబుల్‌టాప్ బేసిన్. నేను షాపులో "వాష్‌బేసిన్ కప్లింగ్ ఇవ్వన్నా" అన్నా, ఆయన హాఫ్ థ్రెడ్ ఇచ్చాడు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ సందుల్లోంచి నీళ్లు బయటికి చుక్కచుక్కగా కారాయి. రెండు నెలల తర్వాత కింది కప్‌బోర్డ్ ప్లైవుడ్ ఉబ్బి తలుపు పడటం మానేస్తే గానీ నాకు తెలియలేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ ఆంటీ డబ్బులు పట్టుకున్నారు. ఆమె తప్పేం లేదు.

బిగించేటప్పుడు కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ విప్పండి. అందులో ఎప్పుడూ కాసిన్ని నీళ్లు నిలిచి ఉంటాయి, మోరీ వాసన పైకి రాకుండా ఆపేది అవే. పాత సిలికాన్ మొత్తం గీకేయండి. కప్లింగ్‌కు పైన ఒక రబ్బరు వాషర్, బేసిన్ కింద ఇంకొకటి, సన్నగా ఉన్న వైపు పైకి రావాలి. థ్రెడ్ మీద టెఫ్లాన్ టేపు నాలుగైదు చుట్లు చుట్టి, నట్టు చేత్తో బిగించండి. తర్వాత పానాతో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అంతకు మించి బలం చూపిస్తే సిరామిక్ పగులుతుంది. చివరికి బేసిన్ నింపి పది నిమిషాలు ఆగి, నీళ్లన్నీ ఒకేసారి వదిలి, కింద నట్టు చుట్టూ పొడి టిష్యూ పేపర్‌తో తుడిచి చూడండి. పేపర్ తడిసిందంటే పని ఇంకా అవ్వలేదు.

మా అక్క డాలస్‌లో ఉంటుంది. పాపకు స్నానం చేయించే టబ్‌లో నీళ్లు నిలవట్లేదని మొన్న వీడియో కాల్ చేసింది. అక్కడి టబ్బుల్లో మూతలు రకరకాలు. కాలితో నొక్కేదైతే కాడ పట్టుకుని తల తిప్పాలి. ఎత్తి తిప్పేదైతే గుబ్బ కింద చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేయాలి. అక్కది లివర్ రకం. ఓవర్‌ఫ్లో ప్లేటుకు ఉన్న రెండు స్క్రూలు విప్పి ప్లేటు లాగితే, లోపలి కడ్డీ మొత్తం బయటికి వచ్చింది, దానికి మూరెడు వెంట్రుకల ముద్ద.

"ఛీ, ఇదేందిరా!" అంది.

"నీ జుట్టే అక్కా," అన్నా.

కడిగి మళ్లీ పెట్టింది. నీళ్లు నిలిచాయి.