పెట్రోలు కార్లకు పాత టర్బోచార్జర్లు: ఇంజనుకు ముప్పు, యజమానికి శిక్ష

తక్కువ ఖర్చుతో కారు వేగం పెంచుకోవాలన్న కోరికతో కొందరు యజమానులు పాత డీజిల్ వాహనాల నుంచి తీసిన టర్బోచార్జర్లను సాధారణ పెట్రోలు కార్లకు అమర్చుకుంటున్నారు. షెడ్డులో పైపులు వెల్డింగ్ చేసి బిగించే ఈ అమరికలో పొదుపు కంటే నష్టమే అధికం.

టర్బోచార్జర్ సూత్రానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుకీ 1905లో పేటెంటు పొందారు. ఇంజను నుంచి వృథాగా వెలువడే వాయువులు ఒక చక్రాన్ని తిప్పగా, అదే ఇరుసుపై గల రెండవ చక్రం గాలిని కుదించి సిలిండర్లలోకి పంపుతుంది. ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దానిని కాపాడేది పలుచని నూనె పొర మాత్రమే.

టర్బో లేకుండా రూపొందిన పెట్రోలు ఇంజనులో సంపీడన నిష్పత్తి సాధారణంగా ఎక్కువ. కుదించిన వేడిగాలి అదనంగా చేరినప్పుడు ఇంధనాన్ని, స్పార్క్ సమయాన్ని తదనుగుణంగా సవరించకపోతే మిశ్రమం అదుపు తప్పి మండుతుంది. మెకానిక్కులు ‘నాకింగ్’ అనే ఆ శబ్దం యజమాని చెవిన పడేసరికే పిస్టన్లు దెబ్బతిని ఉండవచ్చు. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఈ ముప్పును తగ్గిస్తుంది. ఖర్చు తగ్గించుకునేవారు ముందుగా మానుకునేదీ దానినే. కాలుతున్న టర్బైన్ తొడుగుపై నూనె కారితే మంటలు చెలరేగే ప్రమాదం ఉంది. వేగం పెరిగినా బ్రేకులు మాత్రం పాతవే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టపరచింది. అదే సంవత్సరపు సవరణతో మారిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని విడిభాగాలతో మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ప్రతి మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.