పొరుగింటి కుక్క - మన జాగ్రత్త

ఒకే ఆవరణలో నాలుగైదు కుటుంబాలు ఉండే చోట ఈ ఇబ్బంది తరచు వస్తుంది. పక్కవాటావారు కుక్కను విప్పి వదిలేస్తారు. అది మెట్ల దగ్గరో, కుళాయి దగ్గరో పడుకుని వచ్చేపోయేవారిని చూసి గుర్రుమంటుంది. పిల్లలు ఆటకు దిగరు. పెద్దవారు పాలపాకెట్టు కోసం వెళ్ళడానికి కూడా జంకుతారు. "మా కుక్క ఏమీ చేయదండీ" అని యజమాని అంటారు. అయితే ఇంటివారిని ఏమీ చేయని కుక్క పైవారిని కరవవచ్చు. కాబట్టి మీ భయం చాదస్తం కాదు.

కుక్క ఎదురుపడితే

1. పరుగెత్తకండి. పరుగెత్తేవారిని కుక్క తరుముతుంది.
2. దాని కళ్ళలోకి సూటిగా చూడకండి. చేతులు ఒంటికి ఆనించి, కదలకుండా నిలబడండి. అది శాంతించాక మెల్లగా పక్కకు తప్పుకోండి.
3. కింద పడితే ముడుచుకుని, చేతులతో మెడను, చెవులను కప్పుకోండి.
4. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలతో ఉన్న తల్లి కుక్కను ముట్టుకోవద్దని మీ పిల్లలకు నేర్పండి.
5. రాళ్ళు విసరకండి. దెబ్బలు తిన్న కుక్క మరింత మొండిదవుతుంది. విషం పెట్టడం నేరం.

యజమానితో మాట్లాడండి

కోపంగా ఉన్నప్పుడు, నలుగురిలో మాట్లాడితే మాట పెరుగుతుంది. తీరిక చూసి, "అన్నయ్యగారూ, పిల్లలు బడికి వెళ్ళే వేళ కుక్కను కాస్త కట్టేయండి. దానికి రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నారా?" అని అడగండి. వినకపోతే, ఏ రోజు ఏం జరిగిందో తేదీలతో రాసి ఇంటి యజమానికో, అపార్టుమెంటు సంఘానికో ఇవ్వండి. అప్పటికీ మారకపోతే మునిసిపాలిటీకి లేదా పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు అపాయం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కరిస్తే ఏం చేయాలి?

వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. రేబిస్ క్రిములను తగ్గించడానికి ఇది మొదటి మందు. కారం, సున్నం, కాఫీపొడి, ఆకు పసరు పెట్టకండి. కట్టు కట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. గోరు గీరినా, పుండు మీద నాకినా వెళ్ళవలసిందే.

బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు అన్న భయం ఇప్పుడు అక్కరలేదు. ఆ పాత మందు పోయింది. ఇప్పుడు భుజానికి ఇస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 14, 28 రోజులలో వేస్తారు. చంటిపిల్లలకు తొడకు ఇస్తారు. గర్భిణులు కూడా వేయించుకోవచ్చు. రక్తం వచ్చేలా కరిస్తే గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. ప్రభుత్వ ఆసుపత్రులలో టీకా ఉచితం.

కుక్కను 10 రోజులు గమనించండి. కాని అందుకోసం టీకా ఆపకండి. "టీకా వేసిన కుక్కే" అన్నా డాక్టరుకు చూపించండి. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందే సరిగా చికిత్స తీసుకుంటే ఈ జబ్బును తప్పించుకోవచ్చు.

ఒక గొలుసు, ఏటా ఒక టీకా - కుక్కను పెంచేవారు ఈ రెండూ పాటిస్తే ఇరుగుపొరుగు నిశ్చింతగా ఉంటారు.