ఇంట్లో ఐపీ అడ్రసులు పంచేదెవరు?

వై-ఫై గుర్తు నిండుగానే ఉంటుంది, నెట్ మాత్రం రాదు. వెంటనే రౌటర్ ఆపి మళ్లీ వేస్తాం. అంతకన్నా ముందు చూడాల్సింది ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే నంబరు. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే కనిపిస్తుంది.

ఒకప్పుడు ఈ అడ్రసును ఒక్కో కంప్యూటర్‌లో చేత్తో టైపు చేసేవారు. ఒకే అడ్రసు రెండింటికి పడితే రెండూ ఇబ్బంది పడేవి. హార్డ్ డిస్కే లేని వర్క్‌స్టేషన్లకైతే దాన్ని దాచుకునే చోటే లేదు. వాటి కోసం 1985లో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ ‘బూట్‌పీ’ని రూపొందించారు. కానీ ఏ యంత్రానికి ఏ అడ్రసో ముందే పట్టికలో రాసిపెట్టాలి. ఇవాళ ఇక్కడ, రేపు మరోచోట ఉండే ల్యాప్‌టాప్‌లకు ఆ పద్ధతి సరిపోలేదు.

1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రామ్స్ రాసిన ‘డీహెచ్‌సీపీ’ ప్రమాణం వెలువడింది. అడ్రసును శాశ్వతంగా ఇవ్వకుండా గడువు పెట్టి లీజుకివ్వడం ఇందులోని గొప్ప ఆలోచన. ఫోన్ ‘అడ్రసు కావాలి’ అని నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడుగుతుంది. రౌటర్ ఒకటి చూపిస్తుంది. ఫోన్ అదే కావాలంటుంది, రౌటర్ ఖరారు చేస్తుంది. సగం గడువు కాగానే ఫోనే పొడిగింపు అడుగుతుంది. పండక్కి వచ్చిన చుట్టాల ఫోన్లన్నిటికీ మనం ఏమీ చేయకుండానే అడ్రసులు దొరుకుతాయి. వాళ్లు వెళ్లాక గడువు తీరి అవి మళ్లీ ఖాళీ అవుతాయి.

అడ్రసు 169.254తో మొదలైతే, కంప్యూటర్ అడిగినా ఎవరూ పలకలేదని, తనంతట తానే ఒకటి పెట్టుకుందని అర్థం. లోపం ఇంట్లోనే, కేబుల్లోనో రౌటర్లోనో ఉంది. 192.168తో మొదలైతే మామూలుగా రౌటర్ తన పని చేసినట్టే. ఇక బయటి లైను, సైట్ల పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ చూడాలి.

ఫైబర్ కనెక్షన్ వచ్చాక పాత రౌటర్‌ను వెనక గదిలో తగిలించే ఇళ్లు చాలా ఉన్నాయి. కొత్తదాని కేబుల్‌ను పాతదాని ల్యాన్ పోర్టులో పెడితే రెండూ అడ్రసులు పంచడం మొదలుపెడతాయి. పాతది ముందు జవాబిచ్చిన ఫోన్ నెట్ కోసం పాతదాన్నే అడుగుతుంది, దానికేమో బయటికి దారి లేదు. అందుకే ఒక ఫోన్‌లో నెట్ వస్తుంది, పక్క ఫోన్‌లో రాదు. పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, దాని సొంత అడ్రసు కొత్తదానితో కలవకుండా మార్చండి.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసేటప్పుడు ‘నెట్ రావట్లేదు’ అని ఊరుకోకండి, అడ్రసు ఏ అంకెలతో మొదలవుతోందో కూడా చెప్పండి. అవతలివారి వెతుకులాట సగం తగ్గుతుంది.