హైదరాబాదు మట్టిలో విశ్రమించిన మహనీయులు

చండ్రుగొండ అటవీ ప్రాంతంలోని పల్లెలు 1948 వరకు నైజాం రాజ్యంలోనివే. ఆ పల్లెలకు రాజధాని హైదరాబాదు. ఆ పేరు వినగానే నేటికీ మనకు చార్మినారు, మక్కా మసీదు గుర్తుకు వస్తాయి. అయితే ఒక నగరం ఔన్నత్యం దాని కట్టడాలలోనే లేదు. అక్కడ కన్నుమూసినవారు విడిచి వెళ్ళిన కృషిలోనూ ఉంది.

తాను ఏ నేలపై మరణించనున్నదీ మనిషికి తెలియదని దివ్య ఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ అధ్యాయం (31:34) బోధిస్తుంది. ఉర్దూ మహాకవి అమీర్ మీనాయీ జీవితం ఇందుకు నిదర్శనం. లక్నోలో జన్మించి, రాంపూరు ఆస్థానంలో చిరకాలం గడిపిన ఆయన 1900లో హైదరాబాదు చేరారు. కొద్దికాలానికే వ్యాధిగ్రస్తులై అదే సంవత్సరం మరణించారు. ఆయన తలపెట్టిన బృహత్తర ఉర్దూ నిఘంటువు అసంపూర్తిగానే మిగిలిపోయింది. ఆయన సమకాలికులు, ఆరవ నిజాముకు కవితా గురువు అయిన దాగ్ దెహ్లవీ కూడా 1905లో ఇక్కడే కన్నుమూశారు. నాంపల్లిలోని యూసుఫైన్ దర్గా ఆవరణలో ఉభయుల సమాధులూ ఉన్నాయి.

మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (రహ్మతుల్లాహి అలైహి) ధార్మిక విద్యాకేంద్రమైన జామియా నిజామియాను స్థాపించారు. 1918లో మరణించిన ఆయనను ఆ విద్యాలయ ప్రాంగణంలోనే ఖననం చేశారు. ఆ విద్యాలయంతోనే అనుబంధం గల మౌలానా అబుల్ వఫా అఫ్ఘానీ కాందహారు నుండి వచ్చినవారు. మరుగునపడిన హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాల వ్రాతప్రతులను సేకరించి, సరిచూచి, ముద్రింపజేయటానికి ఆయన తమ జీవితాన్ని ధారపోశారు. 1975లో హైదరాబాదులోనే పరమపదించారు. ఇమామ్ అబూ యూసుఫ్ గారి ‘కితాబుల్ ఆసార్’ ఆయన పరిష్కరించిన గ్రంథాలలో ఒకటి.

వీరందరిదీ సహజ మరణం. షోయబుల్లా ఖాన్‌ది అలాంటిది కాదు. ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకులైన ఆయన రజాకార్ల దౌర్జన్యాలను ఖండించారు, హైదరాబాదు భారతదేశంలో విలీనం కావాలని నిర్భయంగా వ్రాశారు. బెదిరింపులు వచ్చినా కలం దించలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి కార్యాలయం నుండి ఇంటికి వెళుతుండగా దుండగులు కాల్పులు జరిపి, ఆయన చేతిని నరికివేశారు. మరునాడు ఆయన ప్రాణాలు విడిచారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్ళు. మరి 26 రోజులకు, సెప్టెంబరు 17న, నిజాము లొంగిపోయారు. తన మతంవారే అధికారంలో ఉన్నప్పటికీ అన్యాయాన్ని అన్యాయమనే చెప్పిన ముస్లిం యువకుడు ఆయన. నైజాం చరిత్రను చదివేవారు ఈ విషయాన్ని విస్మరించరాదు.

ఇందుకు భిన్నంగా, హైదరాబాదులో 1908లో పుట్టిన ప్రఖ్యాత విద్వాంసులు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 2002లో అమెరికాలో మరణించారు. వచ్చినవారు ఇక్కడ మట్టిలో కలిశారు, ఇక్కడివారు పరాయి నేలలో కలిశారు. మరణస్థలాన్ని ఎంచుకోవటం ఎవరి చేతిలోనూ లేదు. ఒక నిఘంటువు, ఒక విద్యాలయం, ఒక గ్రంథం, ఒక సత్యవాక్యం: వెనుక ఏమి విడిచి వెళ్ళాలన్నది మాత్రం మనిషి ప్రయత్నంపై ఆధారపడి ఉంది.