మీకు తెలుసా? కోర్టు ఆపలేని మాట

2015 మే 28న ఐర్లండ్ దిగువసభ డాల్‌లో ప్రతిపక్ష సభ్యురాలు కాథరిన్ మర్ఫీ లేచి నిలబడ్డారు. ప్రభుత్వపరమైన ఓ బ్యాంకు ఒక బడా వ్యాపారి నుంచి కారుచౌక వడ్డీ తీసుకుందని ఆరోపించారు. ఆయన దాన్ని ఖండించారు. ఆయన బ్యాంకు వివరాలు బయటపెట్టొద్దని అక్కడి ప్రభుత్వ టీవీ మీద అప్పటికే హైకోర్టు ఉత్తర్వు ఉంది. దాంతో నిండు సభలో, కెమెరాల ముందు అన్న మాటను అచ్చేయడానికి పెద్ద పత్రికలే జంకాయి. విడ్డూరమే!

నిజానికి సభలో మాట్లాడినదానికి సభ్యులు కోర్టుకు జవాబుదారీ కారనీ, ఆ మాట ఎక్కడ ప్రచురితమైనా రక్షణ ఉంటుందనీ ఐర్లండ్ రాజ్యాంగం 15వ అధికరణం చెబుతుంది. జూన్ 2న హైకోర్టు తన ఉత్తర్వు సభలోని మాటలకు వర్తించదని తేల్చింది. ఆ నెలలోనే బ్యాంకు లావాదేవీలపై విచారణ సంఘం ఏర్పడింది. సభా ప్రసంగాల మీద వ్యాపారి సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2019లో చుక్కెదురైంది.