వేరుశనగ పొట్టులో దాగిన సంపద

మూంగ్‌ఫలీ యనినను, శనక్కాయ యనినను మన రాయదుర్గం రైతునకు అది ఏడాది బ్రతుకు. సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వర్షపాతము గల అనంతపురం జిల్లాలో దశాబ్దాల తరబడి మెట్టభూములను ఏలిన పంట ఇదియే. పప్పు నూనె మిల్లుకు పోవును. కట్టె పశువులకు మేతయగును. పొట్టు మాత్రము పొయ్యిలోనో, ఇటుకబట్టీలోనో కాలి బూడిదయగును. ఆ పొట్టులో గల ఒక పదార్థమును గూర్చి పాఠకులకు తెలుపదలచితిమి.

దాని పేరు లిగ్నిన్. లాటిన్ భాషలో 'లిగ్నమ్' అనగా కొయ్య. ఈ పేరును 1813లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు డి కండోల్ వాడెను. మొక్కలోని సెల్యులోజ్ పోగులు ఇనుప కడ్డీలైనచో, వానిని బిగించి పట్టు సిమెంటు లిగ్నిన్. మ్రాను నిటారుగా నిలుచుటకును, నీటిని పైకి గొనిపోవు నాళములు నలిగిపోకుండుటకును ఇదియే ఆధారము. పశువుల కడుపులో ఇది జీర్ణము కాదు. కావుననే పొట్టు మంచి మేత కాజాలదు.

కాయ బరువులో రమారమి నాలుగవ వంతు పొట్టు. పొట్టులో సుమారు 30 శాతము లిగ్నిన్. అనగా నూరు కిలోల కాయల నుండి 25 కిలోల పొట్టు, అందు ఏడెనిమిది కిలోల లిగ్నిన్ ఉండును.

దీనిని వేరుచేయుట కొత్త విద్య కాదు. కాగితపు మిల్లులలో కొయ్యను క్షారముతో ఉడికించినపుడు లిగ్నిన్ కరిగి నల్లని ద్రవమగును. అందు ఆమ్లము కలిపినచో గోధుమరంగు పొడిగా అడుగున చేరును. అయినను ప్రపంచమందలి మిల్లులు అత్యధిక భాగమును ఇంధనముగా మండించుచున్నవి.

మండింపక మిగిల్చిన లిగ్నిన్ ఎన్నో పనులకు వచ్చును. ఐస్‌క్రీమునకు సువాసననిచ్చు వెనిలిన్‌ను 1930ల నుండి దీనితో చేయుచున్నారు. ప్లైవుడ్ జిగురులో పెట్రోలియము నుండి వచ్చు ఫినాల్‌కు కొంతమేరకు బదులుగా వాడవచ్చును. లిగ్నోసల్ఫొనేట్ అను రూపములో కాంక్రీటునకు తక్కువ నీరు చాలునట్లు చేయును. వస్త్రములకద్దు రంగుల రేణువులు ముద్దకట్టకుండ కాపాడును. జీన్సు కుట్టుపనికి పేరొందిన మన ఊరికి ఈ చివరి మాట ఆసక్తి కలిగింపకపోదు.

అట్లని రేపే ఇచ్చట లిగ్నిన్ కర్మాగారము పెట్టవలెనని మేము చెప్పజాలము. క్షారముతో ఉడికించుటకు, కడుగుటకు నీరు విస్తారముగా కావలెను. త్రాగునీటికే కటకటలాడు సీమలో ఆ నీరెక్కడిది? వాడిన నల్లని నీటిని శుద్ధిచేయక వదలినచో చెరువులు పాడగును.

అయితే నీరు కోరని మార్గమొకటి కలదు. వేడికి లిగ్నిన్ మెత్తబడును, ఒత్తిడికి అంటుకొనును, చల్లారిన గట్టిపడును. కావుననే పొట్టును యంత్రములో గట్టిగా అదిమినపుడు, వేరే జిగురు లేకయే ఇంధనపు దిమ్మెలు తయారగుచున్నవి. ఈ గుణమునే ఆధారము చేసికొని, జిగురు తక్కువగా వాడి పలకలు చేయు పద్ధతిని మన ప్రాంతమునకు అనువుగా మలచవచ్చును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పొలము నుండి సమస్తమును ఊడ్చి తేరాదు. చేనిలో కుళ్ళిన మొక్కల లిగ్నిన్ మెల్లగా మారి ఎర్రనేలకు సారమును, తేమను నిలుపు శక్తిని ఇచ్చును. కట్టె పశువులది, ఆకు అలము నేలది. మిల్లు వద్ద గుట్టపడిన పొట్టు మాత్రమే పరిశ్రమది. ఈ పంపకము తప్పినచో లాభము కన్న నష్టమే అధికము. ఈ హద్దును గుర్తెరిగి మన కళాశాల రసాయనశాస్త్ర విద్యార్థులు గుప్పెడు పొట్టుతో ప్రయోగము ప్రారంభింతురు గాక!