పచ్చని పిట్టలన్నియు చిలుకలు కావు

భాద్రపద మాసమున ఒక ఉదయము అనంతగిరి నుండి అరకు పోవు ఘాటు దారి ప్రక్కన ఒక మొక్కజొన్న చేను గట్టుపై నిలుచుట తటస్థించినది. పొత్తులు పాలు పట్టుచున్నవి. మంచెమీది కుర్రవాడు ఉండేలు సాగదీసి వదలినంతనే చేను ప్రక్కనున్న సిల్వరు ఓకు చెట్టు నుండి ఒక పచ్చని పిట్ట రాలిపడినది. వాని తండ్రి దానిని తెచ్చి చూపి, "చిలకేనండి బాబూ, పొత్తులన్నీ ఇదే పాడు సేత్తన్నాది" అనెను.

"ముక్కు చూడు నాయనా, చిలుక ముక్కు ఇలాగుంటుందా?" అని అడుగగా ఆయన దానిని తిప్పి చూచెను. ముక్కు సన్నముగా, నల్లగా, కొద్దిగా వంగియున్నది. నుదుట బంగారు రంగు బొట్టు, గొంతు నల్లన. అది చిలుక కాదు. గింజ నమలుటకు పనికివచ్చు ముక్కే దానికి లేదు. అదే సమయమున చేను రెండవ కొసన అసలు చిలుకలు పది పన్నెండు గోలచేయుచు పొత్తులు చీల్చుచుండెను.

ఈ పొరపాటు ఆ ఒక్క రైతుదే కాదు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండలలో ఏడాది పొడవునా ఆకు పచ్చగనే యుండును గనుక, ఆకులో దాగి బ్రతుకు పక్షులలో పెక్కు పచ్చనివే. వానిలో పంటకు నష్టము చేయునవి కొన్ని మాత్రమే. రంగును బట్టి గాక, ముక్కును బట్టి, తోకను బట్టి, కూర్చుండు తీరును బట్టి పక్షిని పోల్చుకొనుట నేర్చినచో రైతు తన రాయిని, తన శ్రమను వృథా చేసికొనడు.

మొదట నిజమైన చిలుకలను చూతము. ముక్కు పొట్టిగా, కొక్కెమువలె క్రిందికి వంగి, మిక్కిలి బలముగా నుండును. తోక పొడవు. అరచుచు, సూటిగా, వేగముగా గుంపుగా ఎగురును. మైదానములందు మనమెరిగిన రామచిలుకకు ముక్కు ఎరుపు, మగదానికి మెడచుట్టు నలుపు గులాబి రంగుల కంటె. కొండ ప్రాంతమున తరచు కనబడునది దానికంటె చిన్నదైన మరియొక జాతి. దానిలో మగదాని తల పండిన నేరేడు, గులాబి కలిసినట్లుండును. ఆడదాని తల బూడిద రంగు. ముక్కు పసుపు. ఈ తలరంగును చూచి రెండును వేర్వేరు జాతులని భ్రమపడువారు కలరు. భుజముపై ఎర్రని మచ్చయుండి, రామచిలుక కంటె బాగుగా పెద్దదైనచో అది మూడవ జాతి.

చిలుకలు తినునది కొంత, కొరికి పారవేయునది అంతకంటె ఎక్కువ. ఉదయము, సాయంకాలము దాడి హెచ్చు. చేను అంచులందలి వరుసలే ముందుగా నష్టపోవును. పొత్తు పాలు పట్టు దశలో అంచు వరుసలలోని పొత్తులను ఆ మొక్క ఆకులతోనే చుట్టి కట్టినచో అవి పక్షి కంటికి కానరావు. ఖర్చు లేదు, ఇంటివారి శ్రమ చాలును. ఒక ప్రక్క ఎరుపు, మరియొక ప్రక్క వెండి మెరుపు గల రిబ్బనును కర్రల నడుమ రెండు మూడు మెలికలు వేసి బిగించి కట్టుట మరియొక పద్ధతి. ఎండకు మెరయును, గాలికి రొద చేయును. అయితే దేనికైనను పక్షులు కొన్నాళ్లకు అలవాటు పడును. ఒకే దిష్టిబొమ్మను ఒకేచోట పంటకాలమంతయు నిలిపి, పక్షులు భయపడుట లేదని వాపోయిన లాభము లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద చిలుకలను పట్టుట, పంజరమున పెంచుట, అమ్ముట నేరము. ఈ సంగతిని గ్రామ సచివాలయముల వ్యవసాయ సహాయకులు సంత రోజులలో చెప్పుట మంచిది. పైగా 2018లో రామచిలుకయే ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షియైనది. చేనులో దొంగకు రాష్ట్ర గౌరవము దక్కుట రైతుకు కొంత కష్టముగనే తోచవచ్చును.

ఇక చిలుకలు కాని పచ్చని పిట్టలు. పైన చెప్పిన, పాపము, ఉండేలు దెబ్బ తిన్న దానిని ఆకుపిట్ట యని పిలుచుకొందము. గోరువంక కంటె చిన్నది. కొమ్మల చివర తలక్రిందులుగా వ్రేలాడి పురుగులు ఏరును, పూల తేనె త్రాగును. ఇతర పక్షుల కూతలను అనుకరించుటలో దిట్ట. పూవు నుండి పూవునకు పుప్పొడి మోయుట దాని వలన రైతుకు కలుగు అదనపు మేలు.

తీగెపై గాని, ఎండుకొమ్మపై గాని కూర్చుండి, గాలిలోనికి దూకి, పురుగును పట్టి మరల అక్కడికే వచ్చి కూర్చున్నచో అది పసరిక పిట్ట. కంటిమీదుగా నల్లని గీత, తోక నడుమ సూదులవంటి రెండు ఈకలు. గట్టు మట్టిలో బొరియ తవ్వి గ్రుడ్లు పెట్టును. ఇది కందిరీగలను, తూనీగలను, తేనెటీగలను కూడ తినును. ముల్లుగల పురుగును కొమ్మకేసి కొట్టి విషము పోగొట్టి మింగుట చూడదగిన ముచ్చట. వలిసెలు పూచు కార్తీక మాసమున తేనె పెట్టెలు ఉంచువారికి దీనివలన కొంత చికాకు కలదు. పెట్టెలను కరెంటు తీగెలకు దూరముగా, చెట్ల నీడన ఉంచినచో చికాకు చాలవరకు తగ్గును. మిగిలిన పురుగుల లెక్క చూచినచో పసరిక మనకు బాకీ లేదు.

టుక్కు, టుక్కు అని రాగిపాత్రపై సుత్తితో కొట్టినట్లు ఎండవేళ వినిపించునది కంసాలి పిట్ట. పిడికెడంత పచ్చని శరీరము, నుదుట ఎర్రని బొట్టు, రొమ్మున ఎర్రని పట్టీ, గొంతు పసుపు. దాని జ్ఞాతియగు గోధుమ తల పిట్ట పెద్దది, "కుట్రూ, కుట్రూ" అని అరచును. ఇవియు, కాళ్లు పసుపుగానుండు పచ్చ పావురములును ముఖ్యముగా మర్రి, రావి, జువ్వి, మేడి పండ్లపై బ్రతుకును. కాఫీ తోటలలో నీడ కొరకు సిల్వరు ఓకు మాత్రమే పెంచి మేడి, జువ్వి చెట్లను కొట్టివేసినచో ఇవి తోటకు వచ్చుట తగ్గును.

పచ్చనివి కాని రంగుల పక్షులను పోల్చుట ఇంతకంటె సులభము. నల్లని తల, పసుపు దేహము అయినచో వంగపండు. పాలపిట్ట కూర్చున్నప్పుడు మట్టిరంగుగా నుండి, రెక్క విప్పగనే నీలము మెరయును. దుక్కి సాళ్ల వెంట పేడపురుగులను, మిడుతలను ఏరుకొనును. ఎరుపు నలుపు రంగుల చిన్న పిట్టలు, పసుపు బూడిద రంగుల పిట్టలు కలిసి కాఫీ తోట నీడచెట్ల కొనలలో గుంపుగా పురుగులు ఏరుచున్నచో అవి ఒకే జాతి. ఎర్రవి మగవి, పసుపువి ఆడవి.

కాఫీ రైతులు ఈ పురుగులు తిను పక్షుల విషయమై ఇప్పుడు శ్రద్ధ వహించుటకు ప్రత్యేక కారణము కలదు. కాఫీ కాయను తొలుచు పురుగు, అనగా బెర్రీ బోరరు, 2025లో అరకు ప్రాంతమున కనబడినది. కోస్టారికా దేశపు కాఫీ తోటలలో కొన్ని మొక్కలను పక్షులు చొరకుండ వలలతో కప్పి, కొన్నిటిని విడిచి పోల్చి చూడగా, పక్షులు తిరిగిన మొక్కలపై ఈ పురుగు సుమారు సగము తగ్గినట్లు 2013లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఆ పని చేసినవానిలో పసుపుపచ్చని చిన్న పిట్ట యొకటి. తోట దగ్గర అడవి తునకలు మిగిలిన చోట ఆ పిట్టలు హెచ్చు. అంతమాత్రమున పక్షులున్నవి గదా యని రైతు చేతులు ముడుచుకొన రాదు. కోత పిమ్మట చెట్టున, నేలపై ఒక్క కాయ మిగులకుండ ఏరవలెను. పురుగుపట్టిన కాయలను తోటలో పారవేయక మరుగునీట ముంచి చంపవలెను.

ఈ కొండల పక్షులను గూర్చి విశాఖపట్టణపు కె. ఎస్. ఆర్. కృష్ణరాజు, అమెరికా దేశీయులగు రిప్లే, బీలర్ గార్లతో కలసి వ్రాసిన విపులమైన జాబితా 1987, 88 సంవత్సరములలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో వెలువడినది. అంతకు వందేండ్లకు పైగా పూర్వమే జెర్డను దొర తన పక్షిగ్రంథమున తెలుగు పేర్లను సేకరించి వ్రాసియుండెను. మన పేరు ఒకటి ప్రపంచమంతటను వాడుకలో నున్నది. వియ్యో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1816లో ఒక పక్షిజాతికి పెట్టిన శాస్త్రీయ నామము "పిట్ట". అది మన తెలుగు మాటయే.

ఆ జాతికి చెందిన మన పక్షి పొన్నంగి పిట్ట. జానెడు కూడ లేదు, తోక మొండి. వీపు పచ్చన, రెక్కపై నీలము, కంటిమీద నల్లని పట్టీ, గొంతు తెలుపు, పొట్ట క్రింద ఎరుపు. ఇన్ని రంగులున్నను కనబడుట అరుదు. ఏలయన చెట్ల క్రింద రాలిన ఆకులలో గెంతుచు పురుగులు వెదకుకొనును. తెల్లవారకముందు, ప్రొద్దుగుంకువేళ రెండు స్వరముల ఈలవేయును. అందుచేతనే తమిళులు దీనిని ఆరుగంటల పిట్ట యను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. ఇది వలసపక్షి. రాత్రివేళ ప్రయాణము చేయుచు, అలసి, దీపపు వెలుగునకు ఇండ్లలోనికి వచ్చి పడుట కలదు. అట్టి పిట్ట చేజిక్కినచో పిల్లలకు ఆటవస్తువుగా ఈయక, గాలి ఆడు గంప క్రింద చీకటిలో విశ్రాంతిగా నుంచి, తేరుకొనిన పిమ్మట కుక్కలు, పిల్లులు లేని తోపులో విడిచిపెట్టవలెను.